ఇంకో పావు తిప్పు

ఆ వేసవిలో నాకు కావలసింది ఒకే ఒక్క మాట. అది మా బావగారి నోటి నుంచి రావాలి, మోటారు సైకిళ్ళ స్టాండులో పదిమంది వింటుండగా రావాలి. "ఆ ఇంజిన్ చేసింది నేను, మా తమ్ముడు కాదు." ఇంతే. దానికోసం ఆయన్ని నడివీధిలో నిలబెట్టి పరువు తీయాల్సి వస్తే తీస్తానని ఎండలు ముదరకముందే తీర్మానించుకున్నాను. నన్ను మంచిదాన్ని అనుకుని చదవడం మొదలుపెట్టకండి, మధ్యలో మీకే ఇబ్బంది.

బావగారంటే మా ఆయనకు స్వయానా అన్న. పదేళ్ళ తమ్ముణ్ణి పెంచి, మెకానిక్ పని నేర్పి, తన షెడ్డులో సగం వాటా ఇచ్చిన మనిషి. ఇది నేను కాదనను. అందరూ ఆయన్ని చెవి మేస్త్రి అనేవాళ్ళు. ఇంజిన్ నడుస్తుండగా పొడుగాటి స్క్రూడ్రైవరు మొన దానికి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని వినేవారు. లోపల వాల్వుల దగ్గర టకటకమని వినిపిస్తే ఇంజిన్ ఆపి, మూత తీసి, అక్కడి స్క్రూ కాస్త బిగించి మళ్ళీ వినేవారు. టకటక పోయేదాకా అదే పని. ఆయన చేయి పడ్డ బండి పిల్లిలా నడుస్తుందని జనం మురిసిపోయేవాళ్ళు.

మా ఆయనది గేజీ. గేజీ అంటే చాకులాగా విప్పుకునే సన్నటి ఉక్కు రేకుల కట్ట, ఒక్కో రేకు ఒక్కో మందం. వాల్వుకీ దాన్ని నొక్కే మీటకీ మధ్య వెంట్రుకంత సందు ఉండాలి. ఆ సందులో రేకు దూర్చి, లాగి చూస్తాడు. ఊరికే జారిపోకూడదు, ఇరుక్కుపోకూడదు. ఇంజిన్ పూర్తిగా చల్లారితే తప్ప ముట్టుకోడు. పొద్దున బండి ఇస్తే మధ్యాహ్నానికి గానీ చేతికి రాదు, వచ్చాక కాస్త టకటకమంటుంది కూడా. బావగారి దగ్గరైతే టీ తాగేలోపు వస్తుంది. జనం ఎవరి దగ్గర వరస కడతారో నేను చెప్పక్కర్లేదు.

నేను ఆ షెడ్డులోనే విడిభాగాల కౌంటరు మీద తొమ్మిదేళ్ళు కూర్చున్నాను. కాబట్టి ఎవరు ఏ బండి ముట్టుకున్నారో నాకు తెలియకుండా పోదు.

ఎండలు మొదలైన వారంలో పొడుగు పడిపోయాడు. పొడుగు అంటే బండి మీద మనుషుల్ని ఎక్కించుకుని తిప్పే స్టాండుకి పెద్ద. అసలు పేరు ఎవరూ వాడరు. వంతెన మీద పోతుండగా వాల్వు తల తెగి లోపల పడింది, ఇంజిన్ పట్టేసింది, వెనక చక్రం బిగుసుకుంది. మనిషి ఎగిరి గోడకు కొట్టుకున్నాడు. తుంటి విరిగింది. నాలుగో రోజు స్టాండులో వాళ్ళంతా మా షెడ్డు మీదికి వచ్చారు.

"ఆ బండి వాల్వులు ఎవరు చూశారు మేస్త్రీ?" అని అడిగారు.

బావగారు చేతులు తుడుచుకుంటూ వాళ్ళ నోళ్ళవంక చూశారు. చూసి, తాపీగా అన్నారు. "మా తమ్ముడు."

నా చేతిలో ఉన్న బోల్టుల డబ్బా కింద పడింది. ఆ బండి చేసిన రోజు మా ఆయన షెడ్డులోనే లేడు. మా చెల్లెలు ఇల్లు మారుతుంటే సామాన్లు మోయడానికి నేనే బలవంతంగా లాక్కుపోయాను. అదే మాట గట్టిగా అరిచి చెప్పాను. మొగుణ్ణి వెనకేసుకొస్తోంది అని ఎవరో నవ్వారు.

"మీరు చెప్పండి! నోరు విప్పండి!" అని మా ఆయన భుజం పట్టి ఊపేశాను.

ఆయన నేల చూస్తూ, "అన్నయ్య చెప్పాడుగా" అన్నాడు.

అంతే. ఆ రోజు షెడ్డులోంచి బయటికొచ్చినవాడు మళ్ళీ స్పానరు పట్టలేదు. ఇంట్లో కూర్చుని కూరలు తరిగేవాడు, బట్టలు మడతపెట్టేవాడు, కిటికీ రెక్కలు కిర్రుమంటే నూనె వేసేవాడు. వీధిలోకి వెళితే ఎవరో ఒకరు 'తుంటి మేస్త్రి' అనేవాళ్ళు. అందుకని వెళ్ళడం మానేశాడు. నేనెంత తిట్టినా తలెత్తేవాడు కాదు. నాకు కడుపు మండిపోయింది. అన్న ముందు నోరు లేవనివాడు కట్టుకున్నదాన్ని నలుగురిలో అబద్ధాలకోరుని చేశాడు కదా అని ఒక మంట, ఆ పెద్దమనిషి హాయిగా టీ తాగుతున్నాడు కదా అని రెండో మంట. రెండోదే ఎక్కువ.

షెడ్డుకి సరిగ్గా ఎదురుగా ఒక షట్టరు గది ఖాళీగా ఉంది. అందులో నేనే మరమ్మతుల కొట్టు పెట్టాను. ఎందుకమ్మా ఇక్కడే, ఇంకెక్కడా గది దొరకలేదా అని అందరూ అడిగారు. బావగారు పొద్దున షట్టరు ఎత్తగానే నా మొహం కనపడాలి, అందుకు. గేజీ పని మా ఆయన చేస్తుంటే తొమ్మిదేళ్ళు పక్కనుండి చూసినదాన్ని, నా చేతికి వచ్చు. బండ్లు మాత్రం వచ్చేవి కావు. ఆడదాని చేతికి ఇంజిన్ ఇస్తే ఏమవుతుందోనని ఒకరు, తుంటి మేస్త్రి పెళ్ళాం అని ఇంకొకరు.

మొట్టమొదట వచ్చినవాడు పాలాయన. బండికి రెండువైపులా క్యాన్లు వేసుకుని తిరుగుతాడు. ఎక్కడం లేదు, లాగడం లేదు అంటూ తోసుకొచ్చాడు. విప్పి చూస్తే ఎగ్జాస్టు వాల్వు అంచు ఒకపక్క కాలి, కొరికినట్టు పోయి ఉంది.

"ఎవరు చేశారు దీన్ని?"

"ఇంకెవరు, చెవి మేస్త్రి. అబ్బ, ఎంత నిశ్శబ్దంగా నడిచిందో అమ్మా! గాలి పోయినట్టు పోయేది."

"నిశ్శబ్దంగా నడిచింది కాబట్టే చచ్చింది" అన్నాను. "ఇది ఇంజిన్‌కి తలుపయ్యా. మీటకీ దానికీ మధ్య సందు లేకపోతే, వేడికి ఇనుము సాగాక మీట దాన్ని తొక్కిపట్టే ఉంచుతుంది. ఇక తలుపు పడదు. ఆ తెరిచిన తలుపులోంచి మంట పోతూనే ఉంటుంది. కాలదా మరి? ఇంకో విషయం విను. వాల్వు కూర్చునే సీటు అరిగేకొద్దీ ఆ మీట దగ్గరి సందు తనంతట తానే తగ్గుతుంది. అంటే బండి రోజురోజుకీ ఇంకా నిమ్మళంగా అవుతుంది. నువ్వేమో బాగుపడుతోంది అనుకుంటావు."

"అయితే టకటకమంటే మంచిదా?"

"కాస్త అనాలి. నోరెత్తని ఇంజిన్నే నమ్మకూడదు."

ఈ మాట అంటుంటే నాకు మా ఆయనే గుర్తొచ్చి ఒళ్ళు మండింది. పాలాయన బుర్ర గోక్కున్నాడు. ఇప్పుడు అయ్యే ఖర్చు చెబితే నెత్తి పట్టుకున్నాడు. అదే నెలకోసారి గేజీ పెట్టించుకుని ఉంటే ఎంతయ్యేదమ్మా అని అడిగాడు. ఒక పూట పాలు ఒలికిపోయాయి అనుకుంటే సరిపోయేది అన్నాను.

ఆ కాలిన వాల్వును నేను పారేయలేదు. గాజు సీసాలో వేసి కిటికీలో పెట్టాను, షెడ్డువైపు తిప్పి. రెండు వారాల్లో రెండోది పడింది. నెల తిరిగేసరికి ఆరు. సీసా మీద ఏమీ రాయలేదు, రాయక్కర్లేదు. బావగారు పొద్దున్నే షట్టరు ఎత్తి, సీసావంక చూసి, మొహం తిప్పుకునేవారు. ఆ తిప్పుకోవడం చూస్తేగానీ నాకు టీ రుచించేది కాదు.

వేసవి మధ్యలో ఒకరోజు మా ఆయన పాత గేజీల పెట్టె తెచ్చుకుందామని షెడ్డులోకి వెళ్ళాను. అడిగి తీసుకోవాలన్న మర్యాద నాకింకా పోలేదు. బావగారు ఒక బండి ముందు గొంతుక్కూర్చున్నారు, వీపు నావైపు.

"బావగారూ, పెట్టె తీసుకెళుతున్నా" అన్నాను.

పలకలేదు. మళ్ళీ అన్నాను. పలకలేదు. ఎంత పొగరు అనుకున్నాను. వచ్చిన కోపంలో నోటికొచ్చిన మాట ఒకటి అన్నాను, ఇక్కడ రాయలేను. దానికీ తిరగలేదు. అల్మారా పైనుంచి పెట్టె లాగుతుంటే పక్కనున్న ఇనుప చక్రాల దొంతర మొత్తం గచ్చు మీద పడింది. వీధిలో పోయేవాడు కూడా ఉలిక్కిపడి లోపలికి తొంగిచూశాడు. బావగారి భుజం కూడా కదల్లేదు.

నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

ఆయన స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకున్నారు. కళ్ళు మూసుకున్నారు. ఆ బండి వాల్వులు నాకే వినిపిస్తున్నాయి, టకటక. ఆయన మాత్రం బాగుందన్నట్టు తల ఊపి ఇంజిన్ ఆపారు. ఆపి, మూత తీసి, ఒక్క క్షణం ఆలోచించి, స్క్రూని బిగించే వైపు పావు తిప్పు తిప్పారు. మళ్ళీ ఆలోచించారు. ఇంకో పావు తిప్పు తిప్పారు.

అప్పుడర్థమైంది. ముప్పై ఐదేళ్ళు ఇంజిన్లకు చెవి ఆనించిన మనిషికి ఆ సన్నటి చప్పుడు ఇక వినపడటం లేదు. ఇంకా టకటక పోలేదు మేస్త్రీ అని ఎవరో ఒకరు తిరిగొచ్చి ఉంటారు. మళ్ళీ ఎవరూ అలా రాకూడదని, తనకు వినిపించని చప్పుడుకి ఒక పావు తిప్పు, భయానికి ఇంకో పావు తిప్పు. మాటలంటారా, పెదాలు చూసి నెట్టుకొస్తున్నారు. అందుకే ఆ రోజు వాళ్ళ నోళ్ళవంక అలా చూశారు.

జాలి కలగలేదా అంటారేమో. లేదు. గుండె దడదడలాడింది, సంతోషంతో. దొరికావు అనుకున్నాను. పెట్టె చంకన పెట్టుకుని రోడ్డు దాటుతుంటే నవ్వు ఆగలేదు.

ఆ రోజు నుంచి ఒక నోటు పుస్తకం పెట్టి, ఆ షెడ్డులో వాల్వులు బిగించుకుని బయటికొచ్చిన ప్రతి బండి నంబరూ రాసుకున్నాను. సాక్ష్యం కావాలి కదా. ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో ఆయనకి కూడా చెప్పలేదు. చెబితే మళ్ళీ అన్నయ్యా అంటూ పోయి కాళ్ళు పట్టుకుంటాడని భయం. ఒక్కడి ముందు చెబితే ఒక్కడికే తెలుస్తుంది. నాకు స్టాండు మొత్తం కావాలి. పొడుగు కర్ర పట్టుకుని లేచి నడిచే రోజు దాకా ఆగుదామనుకున్నాను.

ఈలోపు ఒకరోజు నర్సమ్మ వచ్చింది. ఇళ్ళకు వెళ్ళి మంచంలో ఉన్న రోగులకు కట్లు మార్చే మనిషి, యాభై దాటాయి, పాత బండి.

"వాల్వులు చూపించి చాలా రోజులైందమ్మా. ఎంతసేపు పడుతుంది?"

"ఇంజిన్ చల్లారాలి. మధ్యాహ్నానికి ఇస్తా."

"అమ్మో, అంతసేపా! నలుగురు రోగులున్నారు నాకు." ఎదురుగా షెడ్డువైపు చూసింది. "పోనీ ఆయన దగ్గర పది నిమిషాల్లో అయిపోతుందిగా. చప్పుడు కూడా ఉండదట."

నా నాలుక చివరిదాకా వచ్చింది. వద్దమ్మా, అటు వెళ్ళకు అని ఒక్క మాట. కానీ ఆమెకి చెబితే ఊరంతా పాకుతుంది, బావగారు జాగ్రత్త పడతారు, నా ఆట చెడుతుంది.

"మీ ఇష్టం" అన్నాను.

ఆమె బండి తోసుకుంటూ రోడ్డు దాటింది. పావుగంటలో చప్పుడు లేకుండా నా ముందునుంచే వెళ్ళింది, చెయ్యి కూడా ఊపింది. నేను పుస్తకం తీసి నంబరు రాశాను. ముప్పై ఒకటోది.

మూడు రోజుల తర్వాత పొడుగు ఇంటికి వెళ్ళాను. కాలిన వాల్వొకటి అతని అరచేతిలో పెట్టాను.

"నీ మొగుడే చేశాడని మీ బావే చెప్పాడు కదమ్మా" అన్నాడు.

"రేపు పొద్దున స్టాండుకి రా. అదే నోటి నుంచి ఇంకో మాట వింటావు."

బావగారిని రప్పించడం ఎంతసేపు? గేజీ గొప్పదో చెవి గొప్పదో అందరి ముందు తేల్చుకుందామంటోంది మీ మరదలు అని స్టాండు వాళ్ళతో కబురు పెట్టించాను. ఆయన నవ్వుకుంటూ, స్క్రూడ్రైవరు తిప్పుకుంటూ వచ్చారు. ఇరవైమంది దాకా చుట్టూ చేరారు. పొడుగు చంకలో కర్రతో టీ బల్ల మీద కూర్చున్నాడు. మధ్యలో ఒక బండి, ఇంజిన్ నడుస్తోంది.

"ముందు మీరే వినండి బావగారూ" అన్నాను, ఎదురుగా నిలబడి, పెదాలు బాగా కదిపి.

ఆయన కూర్చున్నారు. చెవికి పెట్టుకున్నారు. కళ్ళు మూసుకున్నారు. నేను చుట్టూ తిరిగి ఆయన వెనక్కి వెళ్ళాను.

"బావగారూ" అన్నాను, అందరికీ వినపడేలా. "పొడుగు బండి ఎవరు చేశారు?"

ఆయన వింటున్నారు, ఇంజిన్‌ని. అంటే, విన్నట్టు కూర్చున్నారు.

"పొడుగు తుంటి ఎవరు విరగ్గొట్టారు బావగారూ?"

ఒకడు కిసుక్కున నవ్వబోయి ఆగిపోయాడు. పొడుగు టీ గ్లాసు కింద పెట్టాడు. మూడోసారి నేను ఆయన చెవికి జానెడు దూరంలో వంగి, అరిచాను. "చెవి మేస్త్రీ!"

ఆయన కళ్ళు మూసుకునే, తృప్తిగా తల ఊపారు.

ఆయన కళ్ళు తెరిచి నావైపు చూద్దామంటే ఎదురుగా నేను లేను. అప్పుడు అందరి మొహాలూ ఒక్కొక్కటిగా చూశారు. చూస్తుండగానే చేతిలోని స్క్రూడ్రైవరు మెల్లగా ఒళ్ళోకి దిగింది. నేను ముందుకొచ్చి ఎదురుగా నిలబడ్డాను.

"పొడుగు బండి ఎవరు చేశారు?" అని పెదాలతో అడిగాను.

"నేనే" అన్నారు. గొణిగినట్టుంది.

"గట్టిగా చెప్పండి."

"ఎంత గట్టిగా చెబుతున్నానో నాకు తెలీదమ్మాయ్" అన్నారాయన. "నువ్వే చెప్పు, చాలో లేదో." అని లేచి నిలబడ్డారు. ఈసారి వీధంతా వినిపించింది. "ఆ ఇంజిన్ చేసింది నేను. మా తమ్ముడు కాదు."

నేను ఇన్నాళ్ళూ మనసులో అనుకున్న మాటే, ఉన్నదున్నట్టు. పొడుగు కర్ర పట్టుకుని లేచాడు, ఆయన్ని కొడతాడేమో అనుకున్నాను, కొట్టలేదు. కుంటుకుంటూ వెళ్ళిపోయాడు. ఒక్కొక్కరే బండ్లు తీశారు. బావగారు షెడ్డుకి వెళ్ళి షట్టరు దించేశారు, తాను లోపలుండగానే.

సాయంత్రం నేను ఎగురుకుంటూ ఇంటికి వెళ్ళాను. మా ఆయన వంటింట్లో చిక్కుడుకాయలు తరుగుతున్నాడు. గుమ్మంలోంచే మొదలుపెట్టి మొత్తం చెప్పాను, బావగారి గొంతుతో సహా అభినయించి చూపించాను. ఇక తలెత్తుకుని తిరగండి అన్నాను.

కత్తి ఆగింది. "అన్నయ్య ఇంకా వాల్వులు ముట్టుకుంటున్నాడా?"

"ముట్టుకోకేం! రోజుకు రెండు మూడు."

"పొడుగు పడ్డ రాత్రే, ఇక ముట్టుకోనని నాకు మాటిచ్చాడు" అన్నాడు. "బ్రేకులు, టైర్లు మాత్రమే చూసుకుంటానన్నాడు. ఆ మాట మీదే కదా నేను నోరు మూసుకున్నది."

"మీకు తెలుసా? చెవుల సంగతి?"

"రెండేళ్ళ నుంచీ తెలుసు. మధ్యాహ్నం నువ్వు వంటకి ఇంటికెళ్ళి, అన్నయ్య కునుకు తీసే గంటలో, షెడ్డులో ఉన్న బండ్లన్నింటికీ గేజీ పెట్టి సందు సరిచేసేవాణ్ణి. వెంటనే తీసుకుపోయేవాళ్ళవి కొన్ని తప్పిపోయేవి. ఆ రోజు షెడ్డులో లేను, పొడుగుది అలాగే వెళ్ళిపోయింది."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నీకు చెబితే ఇవాళ జరిగిందే అప్పుడు జరిగేది" అన్నాడు.

నాకు తగలాల్సిన చోటే తగిలింది, కానీ నేను ఊరుకునే రకమా? మీ అన్న పరువు కోసం నా పరువు తాకట్టు పెట్టారా అని మొదలుపెట్టాను. ఆయన చెయ్యెత్తి ఆపాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నన్ను ఆపడం అదే మొదలు.

"నీకు ఎప్పుడు తెలిసింది?"

ఈరోజే అని చెప్పొచ్చు. పట్టుకోగలిగేవాడు కాదు. కానీ అబద్ధమాడేవాళ్ళని తిట్టడానికే వేసవంతా ఖర్చుపెట్టినదాన్ని, నోరు రాలేదు.

"ఇరవై రోజులైంది."

ఆయన లేచి చేతులు కడుక్కున్నాడు. వేళ్ళ మధ్య కూడా తీరిగ్గా కడుక్కున్నాడు. తువ్వాలుతో తుడుచుకుంటూ, నావైపు చూడకుండా, "ఈ ఇరవై రోజుల్లో ఎన్ని బండ్లు?" అన్నాడు.

సంచిలోంచి నోటు పుస్తకం తీసి ఇచ్చాను. నంబర్ల మీద వేలు పెట్టి లెక్కపెట్టాడు. చివర పుస్తకం మూసి, గేజీల పెట్టె ఎక్కడుందని అడిగాడు. రెండు నెలలుగా ఆయన చేత ఆ మాట అనిపించాలని నేను చేయని ప్రయత్నం లేదు.

మర్నాడు ఇంజిన్లు ఇంకా వేడెక్కకముందే స్టాండులో ఉన్నాడు. పొడుగు దగ్గరుండి బండ్లన్నీ రప్పించాడు, రానివాడికి స్టాండులో చోటు లేదన్నాడు. తుంటి మేస్త్రి అన్న నోళ్ళే టీ తెచ్చి ఇచ్చాయి. మా ఆయన తీసుకున్నాడు గానీ తాగలేదు. నేను మూతలు విప్పి ఇస్తుంటే ఆయన రేకు దూర్చేవాడు. పంతొమ్మిదింటిలో రేకు దూరలేదు. ఒకదానిలో వాల్వు అంచు నల్లబడి, అప్పుడే పగులు మొదలైంది. ఆ బండివాడు నిన్న భార్యనీ ఇద్దరు పిల్లల్నీ ఎక్కించుకుని డెబ్బై మైళ్ళు పోయి వచ్చాడట. నవ్వుతూ చెప్పాడు.

రెండో రోజుకి నలభై అయ్యాయి. నర్సమ్మ బండి ఒక్కటే మిగిలింది.

ఇంటికి తాళం. పక్కింటివాళ్ళు వాళ్ళమ్మకు బాగాలేదని కొండమీద ఊరికి వెళ్ళిందన్నారు, ముందురోజు పొద్దున, బండి మీదే. ఫోను మోగడం లేదు. ఆ దారి నాకు తెలుసు. ఒకపక్క కొండ, ఒకపక్క ఏమీ లేదు. మా ఆయన పుస్తకంలో ఆ నంబరు పక్కన నేను వేసిన తేదీ చూశాడు.

"ఈమె మన దగ్గరికేగా మొదట వచ్చింది?" అన్నాడు. నేను చెప్పలేదు, ఎలా తెలిసిందో. స్టాండులో ఎవరో చెప్పి ఉంటారు, అక్కడ కూర్చునేవాళ్ళు అన్నీ చూస్తారు.

"అవును."

మా ఆయన పుస్తకం మూశాడు. నా బండి తాళం తీసుకుని ఆ దారిన వెళ్ళాడు. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టడం మా ఇంట్లో నా వంతు, ఆయనకి చేతకాదు.

నేను కొట్టు ముందు బల్ల మీద కూర్చున్నాను. రోడ్డు మీద పోయే ప్రతి బండినీ చెవులు రిక్కించి విన్నాను. టకటకమంటే ఊపిరి పీల్చుకునేదాన్ని. నిశ్శబ్దంగా ఏదైనా పోతే లేచి నంబరు చూసేదాన్ని. ఎండ నడినెత్తికి వచ్చింది. ఆమె ఊపిన చెయ్యే కళ్ళ ముందు ఆడుతోంది.

ఎదురుగా షట్టరు కొంచెం లేచింది. బావగారు వంగి బయటికొచ్చారు. మూడు రోజులుగా గడ్డం గీసుకోలేదు. రోడ్డుకి అటూ ఇటూ చాలాసేపు చూసి, చూసి, దాటారు. హారన్లు వినపడని మనిషి రోడ్డు దాటడం అంటే ఏమిటో అప్పుడు చూశాను. వచ్చి బల్ల మీద ఆ చివర కూర్చున్నారు. నేను రమ్మనలేదు, పొమ్మనలేదు. ఆయనకీ సంగతి తెలిసినట్టుంది, ఇద్దరం ఆ రోడ్డు మలుపువంకే చూశాం. రెండు గంటలు అలాగే కూర్చున్నాం.

మూడింటికి ఫోను మోగింది. మా ఆయన.

"దొరికింది" అన్నాడు. "ఘాట్ రోడ్డు ఎక్కకముందే బండి మొరాయించిందట. అక్కడే ఒక కొట్టులో వదిలేసి బస్సులో వెళ్ళింది. మనిషి బాగానే ఉంది. బండి నేను విప్పి చూశా, వాల్వు పోయింది. ఇంకో పది మైళ్ళు లాగి ఉంటే పైన ఉండేది."

పైన అంటే ఎక్కడో ఆయన చెప్పలేదు. ఫోను పెట్టేశాడు.

బావగారు నా పెదాలవంక చూస్తున్నారు. నేను ఆయనవైపు తిరిగి, నెమ్మదిగా, స్పష్టంగా, "దొరికింది. బాగానే ఉంది" అన్నాను. ఆయన రెండు చేతులూ మొహం మీద పెట్టుకుని, తీసి, తల ఊపారు.

ఇంకో మాట కూడా ఉంది. వేసవంతా ఆయన నోటి నుంచి నేను రప్పించాలనుకున్నటువంటి మాటే, ఇప్పుడు నా నోటి నుంచి రావలసింది. నేను చెప్పాను. "బావగారూ, మీకు వినపడదని తెలిసే ఆమెని మీ దగ్గరికి పోనిచ్చాను. తప్పు నాది" అని పూర్తిగా, ఒక్క ముక్క మింగకుండా చెప్పాను.

కానీ మొహం అటు తిప్పుకుని చెప్పాను. ఎదురుగా చెప్పేంత మంచితనం నాకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.